పెంచలమ్మ పేరున్న అడుగు

మైపాడు బీచి పక్కన సరుగుడు తోపులో ఒక రిసార్టు ఉంది. ఆ తోపు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పెంచలమ్మ రెండు రోజులుగా ఒక ఆడమనిషి బూట్లను చూస్తూ ఉంది. తెల్ల బూట్లు. ఇసుకలో నడిచొచ్చినా మాయని బూట్లు. అవి ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేసినప్పుడల్లా ఆమె కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకునేది.

ఆ బూట్లు రోజావి. రోజాది గూడూరు. బ్యాంకులో పనిచేసి రిటైరై ఏడాదైంది. అరవై దాటినా జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, కాలేజీ పిల్ల మాదిరి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, పెంచలమ్మకేం? ఆ నవ్వేదేదో రెబెక్కమ్మ చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. బాధంతా అక్కడుంది.

రెబెక్కమ్మ, పెంచలమ్మ మనుబోలులో పక్కపక్క ఇళ్ళవాళ్ళు. మధ్య గోడ ఒకటే. ఇద్దరికీ అరవై ఎనిమిది. నలభై ఏళ్ళ కిందట రెబెక్కమ్మ ఆ ఊరి ఆసుపత్రికి నర్సుగా వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. తర్వాత ఎన్ని బదిలీలైనా ఇల్లు మాత్రం అక్కడే ఉంచుకుంది. అప్పటికి పెంచలమ్మకు అక్షరమ్ముక్క రాదు. రెబెక్కమ్మ పారేసే మందుల పెట్టెల మీద అక్షరాలు కూడబలుక్కుని, ఆనక ఆమె ఇంట్లోని పాత వారపత్రికలు, బైబిలు, పొట్లం కట్టిన కాగితం దాకా దొరికింది దొరికినట్టు చదివి, ఎవరూ నేర్పకుండానే చదవడం పట్టేసింది. భర్త పోయాక ఇద్దరికీ రాత్రి భోజనం ఒకేచోట. ఒకరోజు ఆ ఇంట్లో, ఒకరోజు ఈ ఇంట్లో.

రెబెక్కమ్మ తమ్ముడి కూతురు మెర్లిన్ చెన్నైలో సల్సా డాన్సు నేర్పుతుంది. ఆ డాన్సు కోసమే క్యూబా దేశం పోయి ఆరు నెలలుండి వచ్చిన పిల్ల. ఏటా ఒకసారి సముద్రం ఒడ్డున ఐదు రోజుల సెలవు ఏర్పాటు చేస్తుంది. పొద్దున డాన్సు, మధ్యాహ్నం క్యూబా వాళ్ళ తిండీ పాటలూ కబుర్లూ, సాయంత్రం చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు. రెబెక్కమ్మ ఈసారి ఇద్దరి పేర్లూ రాయించింది. పెంచలమ్మ రావడం వచ్చింది గానీ, మొదటి రోజే పాట మొదలుకాగానే కుర్చీ వెతుక్కుంది.

"ఈ వయసులో ఈ గెంతులేంది మే? నువ్వు గెంతు, నేను చూస్తా" అంది.

తనను బతిమాలుతుందనుకుంది. రెబెక్కమ్మ బతిమాలలేదు. జోడీ లేక ఒక్కతే నిలబడింది. అటు పక్క రోజా కూడా ఒక్కతే నిలబడి ఉంది. ఇంకేముంది, చెయ్యీ చెయ్యీ కలిసింది. ఇద్దరూ ఆడవాళ్ళే కాబట్టి రెబెక్కమ్మ మగవాడి అడుగులు నేర్చుకుంది, రోజా ఆడవాళ్ళ అడుగులు.

రెండో రోజు మొదలైంది అసలు సంగతి. డాన్సు కోసం కట్టిన పెద్ద అరుగుకీ పెంచలమ్మ కుర్చీకీ మధ్య గాలి, అలల హోరు, డప్పుల పాట. ఆ రొద మధ్య నుంచి మెర్లిన్ గొంతు గట్టిగా వినిపించింది.

"పెంచలా!"

పెంచలమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎవరూ ఇటు చూడటం లేదు. అరుగు మీద జోడీలన్నీ గిరుక్కున చోట్లు మార్చుకున్నాయి. రెబెక్కమ్మ, రోజా కూడా మారారు. మారి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

పెంచలమ్మ కూర్చుంది. కాసేపటికి మళ్ళీ "పెంచలా!" మళ్ళీ చోట్లు మారడం. మళ్ళీ నవ్వు.

పదిహేడు సార్లు పిలిచింది ఆ పూట. పెంచలమ్మ లెక్కపెట్టింది. ఒక్కసారీ ఎవరూ ఆమెను కోరి పిలవలేదు. అంటే తన పేరుతో ఏదో వేళాకోళం నడుస్తోంది. మూలన కూర్చున్న ముసలిదానిమీద ఒక ఆట కట్టారు. ఆ ఆటకు పేరు పెట్టింది ఎవరై ఉంటారు? తన పేరు తెలిసిన మనిషి, తనను చూసి నవ్వే హక్కు ఉన్న మనిషి, అక్కడ ఒక్కతే.

ఆ మధ్యాహ్నం మెర్లిన్ నల్ల చిక్కుడు గింజలు వేసి అన్నం వండింది, అరటిపండు ముక్కలు వేయించింది. క్యూబాలో ఇంటింటా ఇదే తింటారంది.

"అలసందల అన్నం మాదిరే ఉండాదే పెంచలా, తిని చూడు" అంది రెబెక్కమ్మ.

"నాకు ఆకలి ల్యా, సిస్టరమ్మా" అంది పెంచలమ్మ.

రెబెక్కమ్మ చెయ్యి పళ్ళెంలో ఆగింది. ఊరి ఆడవాళ్ళంతా నర్సుని పిలిచే పిలుపు అది. పెంచలమ్మ నోట ఆ పిలుపు వచ్చిందంటే కోపం నెత్తికెక్కినట్టు. ఎందుకో మాత్రం రెబెక్కమ్మకు తోచలేదు.

మూడో రోజు సాయంత్రం అందర్నీ వ్యానులో పులికాట్ పక్షుల్ని చూడటానికి తీసుకుపోయారు. పెంచలమ్మ ముందే ఎక్కి, పక్క సీటులో తన సంచి పెట్టి ఉంచింది. రెబెక్కమ్మ ఎక్కేసరికి వెనక సీటు నుంచి రోజా "అక్కా, ఇక్కడ కిటికీ ఉంది, రండి!" అని చెయ్యి ఊపింది. రెబెక్కమ్మ పోయి కూర్చుంది. దారి పొడుగునా పెంచలమ్మ పక్కన సంచే కూర్చుంది. నీళ్ళలో వేలకు వేలు ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. పెంచలమ్మకు అవి కనిపించలేదు. రోజా తన దుర్బిణి రెబెక్కమ్మ కళ్ళకు ఆనించి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పడం కనిపించింది.

తిరిగి వచ్చాక మెర్లిన్ గోడ మీద తెల్లగుడ్డ కట్టి క్యూబా బొమ్మలు చూపించింది. పాతకాలపు రంగురంగుల కార్లు, రంగు వెలిసిన మేడలు, సముద్రం ఒడ్డున మైళ్ళ కొద్దీ సాగిన గోడ, ఆ గోడ మీద వరసగా కూర్చున్న జనం.

"ఫిబ్రవరిలో మెర్లిన్ ఒక గుంపును తీసుకుపోతోంది కదా. నేను పోతున్నా" అంది రోజా. "గదికి ఇద్దరు. అక్కా, మీరు రండి నాతో. ఈ గోడ మీద మనిద్దరం కూర్చుందాం. పదిహేను రోజులే. ఇక్కణ్ణించి ఇంటికి వెళ్ళేలోపు నాకు మాటివ్వండి."

రెబెక్కమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆమె కళ్ళు మాత్రం ఆ గోడను వదల్లేదు. నలభై ఏళ్ళలో ఆ కళ్ళు అట్లా వెలగడం పెంచలమ్మ రెండు మూడుసార్లకన్నా ఎక్కువ చూడలేదు.

"ఆ దేశంలో కరెంటు ఉండదంట మే. పేపర్లో చదివినా. గంటలు గంటలు పోతాదంట" అంది.

"మనూర్లో ఉండాదా ఏంది?" అంది రెబెక్కమ్మ.

అందరికన్నా గట్టిగా రోజా నవ్వింది.

పెంచలమ్మ భయానికి కారణం లేకపోలేదు. తల్లిని ఆసుపత్రికి తీసుకుపోతుంటే గడపలో నిలబడి "పోయిరామ్మా" అంది. తమ్ముణ్ణి రైలెక్కిస్తూ అంది. భర్త మోటారు సైకిలు మీద గూడూరు పోతుంటే "పోయిరా, చీకటి పడకముందే వచ్చెయ్" అంది. ముగ్గురిలో ఒక్కరూ నడిచి ఇంటికి రాలేదు. అప్పటి నుంచి ఆమె ఎవరికీ ఆ మాట చెప్పదు. రెబెక్కమ్మ ఆదివారం చర్చికి బయల్దేరినా, పెంచలమ్మ వీపు తిప్పుకుని ఏదో ఒక గిన్నె తోముతూ ఉంటుంది.

నాలుగో రోజు పొద్దున మళ్ళీ మొదలైంది. "పెంచలా!" నవ్వు. "పెంచలా!" నవ్వు. మూడోసారికి పెంచలమ్మ కుర్చీ వెనక్కి పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే ఇసుకలో గబగబా నడిచి అరుగు ఎక్కింది.

"ఏం మే సిస్టరమ్మా! నీకు నవ్వుకోవడానికి నా పేరే దొరికినాదా? నలభై ఏండ్లు నీ పక్కన బతికిందానికి ఇదా? కొత్త స్నేహితురాలికి నన్ను ఆటబొమ్మను చేసి చూపిస్తున్నావా?"

ఎవరో పాట ఆపారు. రెబెక్కమ్మ రోజా చెయ్యి వదిలి ముందుకొచ్చింది.

"ఏం పేరు మే? ఎవురు నవ్వినారు?"

"పొద్దస్తమానం పెంచలా, పెంచలా అని అరుస్తా ఉండారు గదా! నాకు చెవుడు రాలే ఇంకా!"

కావలి నుంచి వచ్చిన పాత హెడ్మాస్టరు పద్మనాభయ్య గారికి ముందు అర్థమైంది. ఆయన జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మెర్లిన్ వచ్చి పెంచలమ్మ భుజం పట్టుకుంది.

"పెంచలత్తా, నేనంటోంది ఎంచుఫ్లా. ఎంచుఫ్లా! ఆ అడుగు పేరు. వాళ్ళ భాషలో కరెంటు ప్లగ్గు పెట్టమనడం లాంటి మాట. అది అనగానే జోడీ చోట్లు మారాలి."

"ఎంచు..." అని పెంచలమ్మ ఆగిపోయింది. చెవుల దాకా వేడెక్కింది. "మరి ఆ నవ్వేంది?"

"అది మాత్రం నీ గురించే" అంది రెబెక్కమ్మ. "మొదటి దినం నాకు ఒక్క అడుగూ గుర్తుండలే. రెండోనాడు నేర్పిన ఇది మాత్రం తప్పలే. ఎందుకు తప్పదక్కా అని ఈ రోజా అడిగితే, అది నా పెంచల పేరు గదా, రోజుకు నూరుసార్లు పిలిచే పేరు మర్చిపోతానా అని చెప్పినా. అప్పట్నించి ఆ మాట వినపడితే మాకు నవ్వొస్తాది. నువ్వు ప్రతిసారీ తల ఎత్తి చూస్తా ఉంటే, నీకూ తెలిసిందనుకున్నా."

"ఈ నాలుగు రోజులూ మీ కథలే నాకు" అంది రోజా, మూతి ముడిచి. "పెంచల చేపల పులుసు, పెంచల చదివిన నవల, పెంచలకు చలి పడదు. ఫ్లెమింగోలు చూడండక్కా అంటే, పెంచలకు కనిపిస్తున్నాయో లేదో అని మీ వైపే చూస్తారు. నాకైతే విసుగొచ్చింది, చెప్పొద్దూ."

ఆ మాట పెంచలమ్మకు తేనె మాదిరి దిగింది. సిగ్గుపడుతూనే మొత్తం మింగింది.

మధ్యాహ్నం ఇద్దరే అలల అంచున నడిచారు.

"నాకు పోవాలనుండాది పెంచలా" అంది రెబెక్కమ్మ. "నువ్వూ వస్తావా అంటే విమానం పేరెత్తితేనే నీకు వణుకు. బలవంతం చెయ్యను. నాకు ఇంకోసారి కుదరదు, ఈ మోకాళ్ళు ఎంతకాలం ఆడతాయో తెలియదు. కానీ ఒక మాట. నువ్వు నా మొహం చూసి పోయిరా అంటే పోతా. వీపు తిప్పుకుంటే పోను. ఆ వీపు చూస్తా పదైదు దినాలు అక్కడ ఉండలేను."

పెంచలమ్మ తడి ఇసుకను కాలి వేలితో గీకింది. ఎంత సులువు! ఏమీ చెయ్యక్కర్లేదు. ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. రోజా తెల్ల బూట్లు వేసుకుని ఒక్కతే పోతుంది, ఒక్కతే ఆ గోడ మీద కూర్చుంటుంది. రాత్రి భోజనం ఒకరోజు ఆ ఇంట్లో, ఒకరోజు ఈ ఇంట్లో. ఎప్పటి మాదిరే.

ఆమె ఏమీ అనలేదు. రెబెక్కమ్మ కూడా మళ్ళీ అడగలేదు. గదికొచ్చి తువ్వాలు మడతపెట్టుకుంది. రోజాకు ఇంకా మాటివ్వలేదు. క్యూబా మాట ఎత్తలేదు. ఆ రాత్రి పెంచలమ్మ పళ్ళెంలో అన్నం కెలికి పక్కకు నెట్టింది. గెలిచిన మనిషికి ఇంత అన్నం కూడా ఎందుకు సయించదు?

ఐదో రోజు పొద్దున, ఆఖరి ఆటకు, పెంచలమ్మ కొంగు బొడ్లో దోపుకుని అరుగెక్కింది.

"నేర్పు మే" అంది.

రెబెక్కమ్మ చెయ్యి అందించింది. ముందుకొకటి, వెనక్కొకటి. పెంచలమ్మకు అది వరినాట్లలో వెనక్కి నడిచిన నడకే అనిపించింది, తొందరగానే వచ్చింది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు, ఆరు జోడీలు. రోజాకు మెర్లినే జోడీ అయింది.

"ఎంచుఫ్లా!"

"ఆఁ!" అంది పెంచలమ్మ, బడిలో హాజరు పలికినట్టు. అరుగంతా గొల్లుమంది. రెబెక్కమ్మ పట్టిన చెయ్యి వదలకుండా పైకెత్తింది. ఆ చేతి కిందుగా ఈమె ఆ చోటికి, ఆమె ఈ చోటికి. చోట్లు మారినా చెయ్యి చేతిలోనే ఉంది.

"ఇప్పుడు దామే అంటా" అని అరిచింది మెర్లిన్. "దామే అంటే నాకివ్వు అని. నడిపించేవాళ్ళు మీ జోడీని వదిలి పక్క జోడీకి పోవాలి. దామే!"

రెబెక్కమ్మకు పక్కనున్నది రోజా. రోజా అప్పటికే చెయ్యి చాపి ఉంది. గుండ్రం కదిలింది, ఒక్కచోట తప్ప. పెంచలమ్మ వేళ్ళు రెబెక్కమ్మ వేళ్ళను గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

"వదలవే, పాట పోతాది" అంది రెబెక్కమ్మ మెల్లగా.

పెంచలమ్మ ఆమె మొహంలోకి చూసింది. ముక్కు మీది చెమట, కళ్ళజోడు మీది ఉప్పు మరక, అన్నీ చూసింది. వీపు తిప్పలేదు.

"పోయిరా" అంది. పాట రొదలో అది కలిసిపోయింది. మళ్ళీ అంది, ఈసారి డప్పులకన్నా గట్టిగా. "పోయిరా మే. ఫిబ్రవరిలో. పదైదు దినాలు. పదహారో దినం మా ఇంట్లో అన్నం."

వేళ్ళు వదిలింది.

పద్మనాభయ్య గారు వచ్చి చెయ్యి చాపారు. "నా కాలు పడితే చెప్పండమ్మా, మొహమాటపడొద్దు" అన్నారు. చెప్పేలోపే కాలు పడింది. పెంచలమ్మకు నొప్పి తెలియలేదు. ఆమె పక్కకు చూస్తూ ఉంది.

రెబెక్కమ్మ రోజా చెయ్యి పట్టుకుంది గానీ తల మాత్రం వెనక్కి, ఇటే తిరిగి ఉంది. "ఎంచుఫ్లా!" అన్న కేక వినిపించింది. ఇంతవరకూ ఒక్కసారీ తప్పని ఆ అడుగును రెబెక్కమ్మ ఇప్పుడు ఎటో వేసింది. నేరుగా రోజా బూటు మీద పడింది. రోజా "అమ్మో!" అని ఒంటికాలి మీద, పులికాట్ పక్షి మాదిరి నిలబడింది.

తెల్ల బూటు మీద నల్లటి మరక. పెంచలమ్మకు నలుగురిలో బాగుండదని తెలుసు. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.