రీలు లేని ఫ్లాష్

పెళ్ళిపందిట్లో ఫ్లాష్ మెరిసినప్పుడల్లా మనం నవ్వుతాం. ఆ వెలుగు వెనక నిలబడ్డ మనిషి ముఖం మాత్రం ఎవరమూ చూడం.

పర్చూరు దగ్గరి ఒక పల్లెలో ఆ రోజు శివరామకృష్ణ గారి అమ్మాయి పెళ్ళి. ఫోటోగ్రాఫర్ పీరు సాహెబ్ ఉదయాన్నే వచ్చాడు. శివరామకృష్ణ గారి పెళ్ళికి ఫోటోలు తీసింది ఆయనే. అప్పట్లో పురోహితుడు సైతం పెళ్ళికొడుకు చేయి ఆపి, "ఏమయ్యా పీరూ, పడిందా?" అని అడిగాకే మూడో ముడి వేయించేవాడు.

డిజిటల్ కెమెరాలు వచ్చాక పీరు స్టూడియో మూతపడింది. భార్య మౌలాబీతో కలిసి మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తున్నాడు. ఫోటోలు కడిగే మందుల్లో నాని పగిలిన ఆ వేళ్ళకు మిరప ఘాటు నిప్పులా తగులుతుంది. కొత్త కెమెరా కొనాలంటే పని ఉండాలి. పని దొరకాలంటే కొత్త కెమెరా ఉండాలి. అందుకే పెళ్ళికి పిలుపు రాగానే మౌలాబీ సంబరంగా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించింది.

శివరామకృష్ణ గారు ఆయన్ని వంటల పక్కకు తీసుకెళ్ళారు.

"ఫోటోలు మా మేనల్లుడు కోటేష్ తీస్తాడు పీరూ. వాడు డిజిటల్ తెచ్చాడు. నువ్వు రీలు వేయమాక. ఊరికే ఫ్లాష్ కొడుతూ తిరుగు."

"పట్నం నుంచి రీళ్ళు తెప్పిస్తామన్నారుగా! రీలు లేకుండా ఎందుకండీ?"

"ఆ ఖర్చు దండగని మానేశా. మగపెళ్ళివారు ఇద్దరు ఫోటోగ్రాఫర్లుండాలన్నారయ్యా. నీ కూలి ఇస్తాలే. తొడిమల పని కంటే నయమేగా!"

మళ్ళీ మళ్ళీ ఫోటో తీయమని వేధించే చుట్టాలను మురిపించడానికి, రీలు ఖర్చు కాకుండా ఉత్త ఫ్లాష్ కొట్టడం ఆ వృత్తిలో అందరూ చేసేదే. పీరు కూడా నవ్వుకుంటూ చేసినవాడే. ఇవాళ తానే ఉత్త ఫ్లాష్ అయిపోయాడు. కెమెరా మెడలో వేసుకుని పందిట్లోకి నడిచాడు.

"సాయిబు కెమెరాలో బొమ్మ కనపడదురా, ఇటు రండి!" అంటూ పిల్లలంతా కోటేష్ చుట్టూ మూగారు.

తాళి కట్టడం అయ్యాక, శివరామకృష్ణ గారి తల్లి సుబ్బరావమ్మ పట్టుచీర సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

"ఏమయ్యా పీరూ, నాదొక్కటి తియ్యి. రేపు నేను పోయాక గోడకు పెట్టేది ఇదే. మా ఆయనది నువ్వే తీశావు. పక్కన నాదీ నీ చేతిదే ఉండాలి."

"కోటేష్ తీస్తాడులే అమ్మా," అన్నారు శివరామకృష్ణ గారు కంగారుగా.

"వాడు నిమిషానికి పది తీస్తాడు, ఒక్కసారీ నా మొహం చూడడు. నువ్వుండు!"

పీరు కెమెరా ఎత్తాడు. ఎప్పుడో ఆయన నేర్పినట్టే ఆమె గడ్డం కాస్త పైకెత్తి ఊపిరి బిగబట్టింది. ఉత్త ఫ్లాష్ కొట్టెయ్యమని శివరామకృష్ణ గారు కళ్ళతోనే సైగ చేశారు. పీరు వేలు కదల్లేదు.

"నా వల్ల కాదమ్మా. ఇందులో రీలు లేదు."

"మరి పొద్దుటినుంచీ మెరుస్తున్నదేంటి?"

పీరు తల దించుకున్నాడు. కొడుకు కూడా తల దించుకోవడం చూసి ఆమెకు సంగతి అర్థమైంది.

"పోనీ, రీలు తెచ్చి వెయ్యి. కూర్చుంటాను."

"పర్చూరులో రీళ్ళు అమ్మడం మానేశారమ్మా."

ఆయన కెమెరాను సంచీలో పెట్టుకున్నాడు. ఇక ఈ కూలి కూడా రాదు. రేపు మళ్ళీ మిరపకాయల దగ్గరికే. ఇస్త్రీ చొక్కాతో ఇంటికెళ్ళి మౌలాబీకి ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు.

సుబ్బరావమ్మ ఫోటో దిగకుండానే కుర్చీలోంచి లేచింది.

"పని ఇవ్వడం నీకిష్టం లేకపోతే ఇవ్వమాక శివరామా. విద్య ఉన్నవాడి చేత మాత్రం ఉత్త వేషం కట్టించమాక."