వెనక్కి తీసుకున్న సంతకాలు

జహీరా బేగం దంతాలపల్లిల నవ్వితే తొర్రూరుల ఇనబడతదని ఆమె భర్త ఫరీద్ అంటుంటడు. ఆయన తొర్రూరు బజార్ల ఆడోళ్ల జాకెట్లు కుట్టే టైలరు. ముప్ఫై మూడేండ్ల నర్సు నౌకరీల జహీరా తిరగని ఊరు లేదు, ఎక్కని తండా లేదు. తెలుగు, ఇంట్ల దక్ఖినీ, ఇగ తండా ఆడోళ్ల బాస కూడ అక్కరకొచ్చేంత నేర్చుకున్నది. సూది పొడిచే ముందు ఏదో ఒక ముచ్చట చెప్పి నవ్విస్తది. ఆ నవ్వుల సూది ఎప్పుడు దిగిందో కూడ తెల్వదు.

రిటైర్‌మెంటుకు ఇంక పది నెలలుందనంగ ఆమెను రక్తహీనత పరిశోధనకు ఏసిన్రు. హైదరాబాదుల ఉన్న ఒక సర్కారు సంస్థ చేయిస్తున్న పని అది. మూడు తండాలు, నూట ఎనభై మంది ఆడోళ్లు, ఆరు నెలలు. సగం మందికి ఎర్రమూత డబ్బ, సగం మందికి నీలిమూత డబ్బ. రోజుకొక గోలీ, నెలకోపారి వేలు గుచ్చి రక్తం చూసుడు. "కొత్త రకం రక్తం గోలీలు అని చెప్పు" అన్నరు, చెప్పింది. "దవాఖానల ఇచ్చే పాత గోలీలు ఈ ఆర్నెల్లు మింగొద్దని చెప్పు" అన్నరు, అదీ చెప్పింది. నాలుగు పేజీల ఫారం మీద ఆడోళ్లు వేలిముద్రలు ఏసిన్రు. "అంతా చదివి వినిపించిన" అని వాటి కింద సాక్షి సంతకం జహీరా పెట్టింది. నూట ఎనభై సార్లు పెట్టింది. ఒక్కసారి కూడ చదివి ఇనిపించలేదు. ఎప్పుడూ అంతే కదా అనుకున్నది. సర్కారు ఫారాలు ఎవరు చదువుతరు?

రెండో నెల రక్తం చూసే రోజు పెద్ద తండా బడి వరండాల ఆడోళ్లంత కూసున్నరు. రాజీ అనే పిల్లకు నోరు జర ఎక్కువ. వేలు చాపుకుంటనే లొల్లి షురూ చేసింది.

"సిస్టరమ్మా, గీ ఎర్రమూత గోలీలు నాకొద్దు. కడుపు ఒక్కతీరు ఉంటలేదు. దొడ్డికి పోతే బొగ్గు లెక్క నల్లగ వస్తుంది."

పక్కపొంటి కూసున్న చాందీ పకపక నవ్వింది. చాందీకి యాభై దాటినయ్. తండాల ఏ పంచాయితీ అయినా ఆమె నోట్లె నుంచే తెగాలె.

"మా నీలిమూతోళ్లకు ఏం రందీ లేదు పొల్లా. మా గోలీలు కడుపుల చల్లగ ఉంటయ్. మాది పసుపు లెక్క పచ్చగనే వస్తుంది. నేను, నా కోడలు పూజ, గీ టీక్యా పెండ్లాం, అందరం గంతే. మీది సర్కారు గోలీ, మాది దొరసాండ్ల గోలీ!"

వరండా మొత్తం నవ్వింది. అందరికంటె గట్టిగ జహీరా నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంట సగంల ఆగిపోయింది.

రక్తం గోలీ అంటే ఇనుము. ఇనుము కడుపుల పడితే నల్లగ రావాలె. ముప్ఫై మూడేండ్ల సంది "భయపడకు బిడ్డా, నల్లగొస్తే గోలీ మంచిగ పనిచేస్తున్నట్టు" అని తనే ఇంటింటికీ తిరిగి చెప్పింది. మరి నీలిమూతోళ్లకు ఒక్కరికన్నా ఎందుకు వస్తలేదు?

ఒక్కొక్కలను దగ్గరికి పిలిచి, చెవుల అడిగింది. నీలిమూతోళ్లల్ల ఒక్కరికి కూడ లేదు. ఎర్రమూతోళ్లల్ల ఇంచుమించు అందరికి ఉన్నది. పూజకు ఆరో నెల. పోయిన నెల ఆమె రక్తం ఏడున్నర పాయింట్లు ఉండె. ఇయ్యాల ఆరు పాయింట్ తొమ్మిదికి దిగింది.

"ఏమైంది సిస్టరమ్మా?" అని పూజ అడిగింది.

"ఏం కాలేదు బిడ్డా" అన్నది జహీరా. అన్నదే గానీ, స్కూటీని ఇంటికి కాకుండ సీద తొర్రూరు ఆఫీసు దిక్కు తిప్పింది.

తొర్రూరు ఆఫీసుల పరిశోధన చూసే డాక్టరు శృతి. జనగామ పిల్ల, ముప్ఫై రెండేండ్లు. జహీరాను అక్కా అంటది. రంజాన్ నెలల ఇంటికొచ్చి, ఫరీద్ వడ్డించిన హలీం రెండుసార్లు పెట్టించుకొని తిన్న మనిషి. మంచి పిల్ల.

"శృతమ్మా, నీలిమూతల ఏమున్నది?" అని నిలబడే అడిగింది జహీరా.

శృతి కంప్యూటర్ మీదికెల్లి తల ఎత్తలేదు. "నాకు తెల్వదక్కా. ఏ మూతల ఏముందో మాకెవ్వరికి చెప్పరు. తెలిస్తే లెక్క తప్పుతది."

"సరే. రెండిట్ల ఒకటి ఉత్త పిండి గోలీనా? అదన్న తెలుసా?"

ఈసారి తల ఎత్తింది. "సగం మందికి ఉత్త గోలీ ఇయ్యాలె అక్కా. లేకపోతే కొత్త గోలీ పనిచేసిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"పాత గోలీ ఉన్నది కదమ్మా. దాంతోని పోల్చి చూడరాదా? పాతది మింగొద్దని నా నోటితోని చెప్పించిన్రు. కడుపుతోటి ఉన్నోళ్లకు కూడ! పూజకు రక్తం ఏడుకంటె కిందికొచ్చింది."

శృతి ముఖం తెల్లబోయింది. "నేను కూడ మొదట్ల అడిగిన అక్కా. ఆర్నెల్లే కదా, అయినంక అందరికి ఇస్తం అన్నరు. ఇది పైన తయారు చేసింది. మనం చిన్నోళ్లం. ఫారంల రాసి ఉన్నది, వాళ్లు ఒప్పుకున్నరు."

"ఫారం ఎవరు చదివిన్రు? వాళ్లకు రాదు. నేను చదవలే. చదివిన అని సంతకం పెట్టిన." జహీరా బ్యాగు భుజానికేసుకున్నది. "ఆ సంతకాలు వెనక్కి తీసుకుంటున్న."

"సంతకం వెనక్కి తీసుకునుడు ఏందక్కా? గట్ల ఉండదు."

"పెట్టుడు నా చేతుల ఉన్నప్పుడు తీసుకునుడు కూడ నా చేతులనే ఉంటది" అన్నది జహీరా.

ఇంటికి పోయి ఫరీద్‌కు మొత్తం చెప్పింది. ఆయన మిషన్ ఆపి, అద్దాలు తుడుచుకొని, "ఆ కాయితం ఇటు తే" అన్నడు. ఇద్దరు చాయ్ తాక్కుంట మొదటిసారి ఆ నాలుగు పేజీలు చదివిన్రు. చీమల బారు అసొంటి అక్షరాలు. రెండో పేజీల మందు లేని గోలీ రావచ్చు అని ఒక్క ముక్క ఉన్నది, అది కూడ తెలుగు పండితులకే అర్థమయ్యేటట్టు. ఆఖరి పేజీ అడుగున మాత్రం "ఈ పరిశోధనపై అభ్యంతరములున్న ఎడల నైతిక సంఘమునకు తెలుపగలరు" అని, దాని కింద ఒక అడ్రసు.

"అరె! అడ్రసు వాళ్లే ఇచ్చిన్రు కదనే" అన్నడు ఫరీద్. "ఇగ రాయకుంటె మర్యాద కాదు."

జహీరాకు చాలాసేపటి తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే రాసుడు షురూ చేసింది. పెద్ద మాటలేం రాయలేదు. నల్లగ వచ్చినోళ్లు ఎంతమంది, రానోళ్లు ఎంతమంది, పూజ రక్తం ఎంత నుంచి ఎంతకు దిగింది రాసింది. "నేను చదివి వినిపించలేదు. వినిపించినట్టు సంతకం చేసిన. అది నా తప్పు. ఆ నూట ఎనభై సాక్షి సంతకాలు వెనక్కి తీసుకుంటున్నాను" అని ముగించింది.

తెల్లారి సెలవు పెట్టి, ఉత్తరం పోస్టు డబ్బల ఏసి తండాకు పోయింది. ఉత్తరం రాసుడు అల్కగనే అయింది గానీ, ఆ వరండాల నిలబడి చెప్పుడు అల్కగ లేకుండె. ఇన్నేండ్ల సంది ఆమె మాట మీద సూదులు ఏయించుకున్నోళ్లు, పిల్లలను కన్నోళ్లు ఎదురుంగ కూసున్నరు. అయినా తిన్నగ చెప్పింది. ఏ గోలీ ఏందో, ఎందుకు ఇచ్చిన్రో, తను ఏం చేసిందో, ఏం చెయ్యలేదో. కొన్ని మాటలు తెలుగుల, కొన్ని వాళ్ల బాసల.

గోడకానుకున్న చాందీ లేసి ముందటికొచ్చింది.

"అయితే రెండు నెలల సంది నేను, నా కోడలు మింగింది ఏంది?"

"ఉత్త పిండి, యాడీ" అన్నది జహీరా. వాళ్ల బాసల యాడీ అంటే అమ్మ. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

చాందీ ఆమె మొకంల మొకం పెట్టి చూసింది. "పిండా? మా ఇంట్ల పిండి లేదనుకున్నరా హైదరాబాదోళ్లు? జొన్నపిండి బస్తెడున్నది! రొట్టె చేసుకొని తిందుము కదా, గీ డబ్బలెందుకు?"

ముందుగాల రాజీ నవ్వింది. తర్వాత వరండా అంత నవ్వింది. నవ్వు ఆగినంక చాందీ జహీరా చెయ్యి పట్టుకున్నది. "మాకు చాలామంది అబద్ధం చెప్పిన్రు సిస్టరమ్మా. మల్లొచ్చి, అది అబద్ధమని చెప్పినోళ్లను మాత్రం నిన్నే చూసిన. కోపం ఉన్నది, లేదంటలేను. రేపటిదాక ఉంటది. ఇప్పుడు నా కోడలు సంగతి చూడు."

ఆ పొద్దే పూజను ఆటోల మానుకోట పెద్ద దవాఖానకు తోల్కపోయిన్రు. చాందీ, రాజీ, టీక్యా పెండ్లాం అందరు ఎక్కిన్రు. ఒక్కలు పోవాల్సిన కాడికి ఏడుగురు పోయిన్రు. రక్తం ఎక్కే సూదిమందు పెట్టి, వారం తర్వాత మల్ల రమ్మన్నరు. వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు కొనుక్కొని ఆటోలనే తిన్నరు.

వారం తిరక్కముందే జహీరాకు కాయితం వచ్చింది. పరిశోధన పనిలకెల్లి తీసేసి గంగారం అడివి దిక్కు ఏసిన్రు. తొర్రూరు నుంచి రెండు బస్సులు మారాలె. ఫరీద్ టిఫిన్ డబ్బ కట్టుకుంట, "ఎనిమిది నెలలే కదా, అడివి గాలి మంచిది" అన్నడు. నిజంగనే మంచిగనే ఉండె. కొత్త ఊరోళ్లు నాలుగు రోజులల్ల ఆమె నవ్వుకు అలవాటు పడ్డరు. కానీ పొద్దుందాక ఫోన్ దిక్కే చూసేది. ఉత్తరం ఎవరన్న చదివిన్రా? చెత్తబుట్టల పడ్డదా?

ఇరవై రెండో రోజు ఫోన్ మోగింది. నైతిక సంఘం పెద్దావిడ, పెద్ద వయసు డాక్టరమ్మ. "మీ ఉత్తరం మూడుసార్లు చదివినమ్మా. ఆ ఆడోళ్లతో నేనే మాట్లాడాలె. మీరు కూడ రండి" అన్నది.

అట్ల ఒక బేస్తారం నాడు పెద్ద తండా బడి వరండాల ఐదుగురు హైదరాబాదు పెద్దమనుషులు కుర్చీలల్ల కూసున్నరు. శృతి ఒక మూలకు నిలబడ్డది. తండాకు తండా దిగింది. పెద్ద డాక్టరమ్మ చాందీని అడిగింది, "మీకిచ్చిన గోలీల మందు లేదని మీకు ఎట్ల తెలిసిందమ్మా?"

చాందీ కొంగు సదురుకొని, గొంతు సవరించుకొని, ఒక్క ముక్క దాచకుండ చెప్పింది. రంగుతో సహా చెప్పింది. ఎవరిది బొగ్గో, ఎవరిది పసుపో, వేలుపెట్టి చూపించుకుంట చెప్పింది. రాసుకుంటున్న సారు కలం ఆగిపోయింది.

"రాయి సారూ" అన్నది చాందీ. "హైదరాబాదు దాక పోవాల్సిన సంగతి. సిగ్గుపడితే ఎట్ల?"

పెద్ద డాక్టరమ్మ మొకానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది గానీ, భుజాలు ఊగుతనే ఉన్నయ్. ఇగ జహీరా ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుతోని వరండా అదిరింది.

నవ్వులు సద్దుమణిగినంక మూలకున్న శృతి ముందటికొచ్చింది. "మేడం, జహీరా అక్క రాసినది నిజం. ఇది తప్పేమోనని మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. ఒకసారి అడిగి ఊకున్న. అక్క ఊకోలేదు. గది కూడ రాసుకోండి."

జహీరా పోయి ఆ పిల్ల పక్కపొంటి నిలబడ్డది.

ఆ వారమే పరిశోధన ఆపేసిన్రు. నీలిమూతోళ్లందరికి నిజం రక్తం గోలీలు వచ్చినయ్, రక్తం మరీ తక్కువున్నోళ్లకు సూదిమందు పెట్టిన్రు. దాన్ని తయారు చేసిన పై సార్లను జవాబు చెప్పుమన్నరు. వాళ్లు ఇంక చెప్పుకుంటనే ఉన్నరు. పూజ రక్తం పదిన్నరకు ఎక్కి, నెలలు నిండినంక మానుకోటల బిడ్డను కన్నది. మూడు కిలోల పిల్ల. చాందీ దవాఖాన వరండాలనే ఆడబోతే వద్దని కూసోబెట్టిన్రు.

మల్ల నాలుగు నెలలకు శృతి కొత్త పరిశోధన తీసుకొచ్చింది. ఈసారి ఉత్త గోలీ లేదు. రక్తం గోలీ రోజూ మింగితే మంచిదా, దినం విడిచి దినం మింగితే మంచిదా అని చూసుడు. ఫారం ఒక్కటే పేజీ, పెద్ద అక్షరాలు. చదివి ఇనిపించే పనికి జహీరానే కావాలె, లేకపోతే మేం రాము అని తండా ఆడోళ్లు కాయితం పెట్టిన్రు. రిటైరు కాకముందు ఆఖరి నెల ఆమె మల్ల పెద్ద తండాకొచ్చింది.

ఒక్కొక్క మాట చదివింది. చదివినకొద్దీ ప్రశ్నలే. రక్తం తీస్కపోయి ఏం చేస్తరు? నడుమ ఆపేస్తే కొట్లాడుతరా? మొగోళ్ల మీద ఎందుకు చెయ్యరు? ఒక్క పేజీకి రెండు గంటలు పట్టింది. శృతి ఒక్క ప్రశ్న వదలకుండ జవాబు చెప్పింది, తెల్వని కాడ తెల్వదన్నది. ఒక్కొక్కలే వచ్చి వేలిముద్ర ఏసిన్రు. ఇద్దరు ముగ్గురు పేరే రాసిన్రు.

రాజీ వంతు వచ్చింది. ఆమె చేతులు కట్టుకొని నిలబడ్డది.

"అంతా అర్థమైంది సిస్టరమ్మా. మంచి పనే. కానీ నేను రాను. నా రక్తం నా కాడనే ఉండనీ."

అందరు జహీరా దిక్కు చూసిన్రు. జహీరా కలం తీసింది. ఫారంల "ఒప్పుకోలేదు" అని ఒక గడి ఉన్నది. ముప్ఫై మూడేండ్లల్ల అసొంటి గడి నింపే పని ఆమెకు ఒక్కసారి కూడ పడలేదు. అండ్ల నిండుగ టిక్కు కొట్టి, దాని కింద సాక్షి సంతకం పెట్టింది. ఆ కాయితం పైకెత్తి అందరికి చూపించింది.

"చూసిన్రా!" అని అరిచి, గట్టిగ నవ్వుకుంట రాజీని కావలించుకున్నది.