బండి కింద మడుగు

ఆ ఇంటి అల్లుళ్ళిద్దరివీ లారీలే. ఒకే మోడల్, ఒకే ఈడు, రెండూ ముసలివే. ఇన్నేళ్ళూ ఎండల్లో ఇద్దరూ సమానంగా ఉడికారు కాబట్టి పెద్దల్లుడికి ఏ దిగులూ లేదు. చిన్నల్లుడు బండికి కంపెనీ ఏసీ పెట్టించాడని విన్న రోజే ఆయన కడుపులో మంట రాజుకుంది.

అది బజార్లో దొరికే ఏదో పెట్టె కాదు. ఎక్కడో బోల్తా పడ్డ అదే మోడల్ లారీ నుంచి కంప్రెసర్, గొట్టాలు, మీటల పలక అన్నీ విప్పించి తెచ్చాడట. డాష్‌బోర్డులో దానికోసం కంపెనీవాళ్ళే చోటు వదిలి మూత పెట్టారట. ఆ మూత పెద్దల్లుడి బండిలోనూ ఉంది. మొన్నటిదాకా దాని ఊసే పట్టలేదు. ఇప్పుడు ఊడిన పన్ను సందులా వెక్కిరిస్తోంది.

మెకానిక్ దగ్గరికి పరుగెత్తాడు.

"మీటల పలక ఒక్కటే ఉంది పెద్దాయనా. మిగతావి కావాలంటే ఈ మోడల్ ఇంకోటి ఎక్కడో బోల్తా పడాలి."

అప్పట్నుంచీ రోడ్డు మీద ఆ మోడల్ కనబడితే చాలు, పెద్దల్లుడు దానివంక ఆశగా చూసేవాడు. తాను తోలుతున్నదీ అదేనని గుర్తొచ్చాక మానుకున్నాడు.

అసలు పోటు పుట్టింట్లో ఉన్న పెళ్ళాం నుంచి వచ్చింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన పక్క సీటు తప్ప ఎక్కని మనిషి ఫోన్ చేసి, "మీరు రావొద్దులెండి. చెల్లీ మరిదీ అటే వస్తున్నారు. వాళ్ళ బండిలో హాయిగా వచ్చేస్తా" అంది.

ఆ 'హాయిగా' దగ్గర ఆయన గుండె కలుక్కుమంది.

"మన బండికీ పెట్టించాను."

"ఏంటి?"

"ఏసీ. కంపెనీదే!"

నోరు జారాక ఇంకేం ఉంది? పలక కొని మూత స్థానంలో బిగించాడు. నొక్కితే పచ్చ దీపం వెలుగుతుంది, అంతే. ఏసీ నడిచే బండి కింద నీళ్ళు కారతాయి కదా, దానికీ ఉపాయం ఆలోచించాడు. వంటింట్లో నూనె డబ్బా తీసి, సూదిమొనంత బెజ్జం పెట్టి, నీళ్ళు నింపి, క్యాబిన్ అడుగున తీగతో కట్టాడు. అద్దాలు ఎక్కించి మామగారి వీధికి చేరేసరికి, పెద్దల్లుడి చొక్కా పిండితే ఇంకో డబ్బా నిండేది. లోపల ఇరుక్కున్న ఈగ ఒకటి అద్దానికి ముక్కు ఆనించి, దింపెయ్యి బాబూ అని బతిమాలిందట.

భోజనాలయ్యాక అందరూ బయటికొచ్చారు. చిన్నల్లుడి బండి కింద నేల పొడిగా ఉంది. పెద్దల్లుడి బండి కింద మడుగు కట్టింది.

చిన్నల్లుడు నడుం వంచాడు. "అన్నయ్యా, ఇంజన్ ఆపి ఎంతసేపైంది?"

"వచ్చినప్పుడే ఆపాగా."

"మరి ఇంకా కారుతోందేంటి?"

పెద్దల్లుడి నోట్లో తడారిపోయింది. తడంతా చొక్కాలో ఉంది మరి. "నాది అంత చల్లగా నడుస్తుంది తమ్ముడూ! ఆపినా వదలదు."

మరదలు కిసుక్కున నవ్వింది. "అయితే బావగారూ, నేనూ మీ బండిలోనే వస్తా!"

పెద్దల్లుడు గబుక్కున డబ్బాకి అడ్డంగా జరగబోయాడు. అప్పుడే ఆయన పెళ్ళాం కూడా వంగి చూసింది. ఆ డబ్బా ఎక్కడిదో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"నువ్వు నీ మొగుడి పక్కన కూర్చోవే," అంది చెల్లెలితో. "మా ఆయన పక్కన సీటు నాది."

టక్కున ఎక్కి, అద్దం పైకి తిప్పి, పచ్చ దీపం వెలిగించి, అందరికీ నవ్వుతూ చెయ్యూపింది. వీధి మలుపు తిరిగాక అద్దం దించి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా నూనె డబ్బాకి బెజ్జం పెడతారా?"

ఆయన గేరు మార్చాడు. కాస్త దూరం పోయాక ఉండబట్టలేక అడిగాడు. "వాడి బండిలో నిజంగా అంత చల్లగా ఉంటుందా?"

"నిన్న సంతకి తీసుకెళ్తే దుప్పటి కప్పుకున్నాను."

"దుప్పటే!"

"అద్దం మాత్రం దించనివ్వడు. వేరుశనగ పొట్టు పారెయ్యడానికి కూడా వీల్లేదు. అదేం ప్రయాణం!"

ఆ మాటకి ఆయన కడుపులో మంట కొంచెం చల్లబడింది. ఇంతలో వెనక నుంచి హారన్ మోగింది. చిన్నల్లుడి బండి దాటబోతోంది, అద్దాలన్నీ మూసుకుని.

"ఎక్కించు, ఎక్కించు!" అని పెద్దల్లుడు అరిచాడు.

ఆవిడ నెత్తి కొట్టుకుంటూ అద్దం గబగబా పైకి తిప్పింది. ఇద్దరూ లోపల ఉడికిపోతూ, ఆ బండి కనుమరుగయ్యేదాకా వణుకు నటించారు.