ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు

ఫోను మోగేసరికి స్కూలు చొక్కా కాలరు సగం తిరిగింది. ఆమె మిషను ఆపి, పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటిగా తీసి సూదుల దిండుకు గుచ్చి, అప్పుడు ఫోనెత్తింది.

"మీ మేడగదిలో రేడియోల మాస్టారు అద్దెకుండేవారటగా? ఇప్పుడు మా ఇంట్లో గది అడుగుతున్నారు. మనిషెలాంటివాడమ్మా?"

ఆమె నిటారుగా కూర్చుంది. లాయరు దగ్గర గుమాస్తాగా చేసే తమ్ముడు, మాస్టారు ఖాళీ చేసిన రోజే నేర్పి వెళ్ళాడు. "అక్కా, ఎవరడిగినా మూడే చెప్పు. ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు వెళ్ళాడు, అద్దె కట్టాడా. చెడ్డవాడంటే పరువునష్టం కేసు. మంచివాడన్నావనుకో, రేపక్కడ ఏదైనా జరిగితే నీ మాట నమ్మే గదిచ్చానంటాడు ఆ ఇంటాయన. నోరు జారావో, కోర్టు మెట్లెక్కాలి."

ఆమె ఆ మూడూ చెప్పింది.

"అది సరే, మనిషి సంగతి?"

"చట్టం ప్రకారం అంతకుమించి చెప్పకూడదండీ."

"అర్థమైందమ్మా," అని ఆయన పెట్టేశాడు.

తడబడకుండా చెప్పగలిగినందుకు ఆమెకు కాస్త గర్వంగానే అనిపించింది. చిన్నప్పుడు నాన్న, పెళ్ళయ్యాక భర్త, ఆయన పోయాక తమ్ముడు, ఎవరితో ఏం మాట్లాడాలో ఎప్పుడూ ఎవరో ఒకరు కొలిచి ఇచ్చేవారు. ఆ కొలత ఆమె ఎన్నడూ దాటలేదు.

మేడగది గోడలు బీటలు వారి, అక్కడెవరూ ఉండకూడదని ఇంజనీరు తేల్చాకే మాస్టారు వెళ్ళారు. లేకపోతే ఆమె పంపేదా? బాగుచేసిన రేడియోను ఆయన సాయంత్రాలు మెట్ల మీద పెట్టి పాడించేవారు, కింద మిషను దగ్గరికి వినపడాలని. ఆమెకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చి, "వేసుకున్నానండీ" అన్న మాట వినేదాకా గుమ్మం బయటే నిలబడేవారు.

మధ్యాహ్నం పక్కింటి వదిన పిల్లాడి చొక్కా కోసం వచ్చింది. పొద్దుటి ఫోను సంగతి విని పకపకా నవ్వింది.

"చట్టం పేరెత్తావా? నీ పుణ్యమా అని మాస్టారు జైలు నుంచొచ్చిన మనిషైపోయాడు. మంచివాడైతే ఆ ముక్క చెప్పడానికి భయమెందుకు అనుకోడూ?"

ఆమె ముఖం చూసి వదిన నవ్వు ఆగిపోయింది. ఆమె అప్పటికే ఫోను నొక్కుతోంది.

"బాబుగారూ, పొద్దున నేను సరిగా చెప్పలేదు. ఆయన చాలా మంచివారండీ. నేను పడుకున్నానేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవారు. మా మిషను బెల్టు తెగితే..." ఆమె ఆగలేదు. తన జన్మలో ఎవరితోనూ అంతసేపు మాట్లాడి ఉండదు.

అవతలాయన ఓపిగ్గానే విన్నాడు. "ఇదంతా పొద్దున్నే చెప్పుంటే బాగుండేది కదమ్మా. వేరేవాళ్ళకి మాటిచ్చేశాను. ఆయనకింకా చెప్పలేదు, చెప్పాలి."

సాయంత్రం మాస్టారే వచ్చారు. చంకలో కాగితం పొట్లం. గడ్డం గీసుకున్నారు.

"గది చూసొచ్చానండీ. కిటికీ ఈ వీధివైపే. కర్టెను కుట్టిపెట్టాలి మీరు. రంగు బాగోలేకపోతే నన్ను తిట్టండి, నేనెళ్ళి కొట్టువాణ్ణి తిట్టొస్తాను."

లేత నీలం గుడ్డ. ఆమె పొట్లం అందుకుంది. గుడ్డ బల్ల మీద పరిచింది. ఆయన పొడవూ వెడల్పూ చెబుతుంటే టేపు పెట్టి సుద్దతో గీసింది. చివరి గీత పూర్తవుతుండగా ఆయన ఫోను మోగింది.

"అలాగేనండీ. లేదు లేదు, పర్లేదు."

ఫోను జేబులో పెట్టుకోబోతే మొదటిసారి జేబు దొరకలేదు.

"వేరేవాళ్ళకిచ్చారట."

"నన్నడిగారు," అంది ఆమె. "అద్దె సరిగా కట్టారని చెప్పాను. అంతే చెప్పాను."

"ఉన్నదే చెప్పారుగా. అంతకన్నా ఏం చెబుతారు?" ఆయన నవ్వారు. "మేనల్లుడు ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. దూరమని, ఇక్కడే ఎక్కడో ఒకచోట దొరుకుతుందని ఆగాను. ఇంక వెళ్తాను, రాత్రి బస్సుంది."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. మలుపు తిరిగాక, "ఉండండి," అంది.

లోపల బల్ల మీద గుడ్డ పరిచింది పరిచినట్టే ఉంది. దాని మధ్య, తెల్లటి సుద్దగీతల్లో, ఒక కిటికీ అంత చోటు.