అర మార్కు

ఉమాశ్రీ టీచరు ఆ ప్రీ ఫైనల్ పేపరును మూడోసారి తిరగేసింది. తప్పు ఒక్కటీ దొరకలేదు.

అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన ఆ చిన్న సర్కారు హైస్కూల్లో పదో తరగతి పిల్లలు ముప్పై ఒక్కరు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు పదకొండు మందే. వాళ్లెవరికీ కాకుండా, ఒడిశా నుంచి వచ్చిన తాపీమేస్త్రి కూతురు సస్మితకి తెలుగులో ఎనభైకి ఎనభై వచ్చేలా ఉన్నాయి.

ఉమాశ్రీకి కడుపు రగిలిపోయింది. ఆమె కొడుకు లోహిత్ మణికొండలో పేరున్న కార్పొరేట్ బడిలో అదే పదో తరగతి. తల్లి తెలుగు టీచరై ఉండీ, అత్తెసరు మార్కులతో గట్టెక్కుతున్నాడు. ఈ పిల్లేమో పద్యాన్ని ఒక్క దీర్ఘం పోకుండా రాసి పారేసింది. కూలివాళ్ల పిల్ల మీద కళ్లలో నిప్పులు పోసుకోవడమేంటని సిగ్గేసింది కానీ, చెయ్యి ఆగలేదు. ‘దస్తూరి బాగాలేదు’ అని రాసి అర మార్కు కోసేసింది. అప్పటికి గానీ ప్రాణం కుదుటపడలేదు.

మర్నాడు పేపర్లు పంచాక సస్మిత టీచరు బల్ల దగ్గరికి వచ్చింది.

“టీచర్, దస్తూరి ఎట్ల మార్చుకోవాలె?”

“అసలు నీకీ రాత ఎవరు నేర్పారే?”

“ఆరో తరగతిల చేరినప్పుడు నాకు తెలుగు రాదు గద టీచర్. మీరు బోర్డు మీద రాసింది చూసుకుంటనే దిద్దుకున్న.”

ఉమాశ్రీ బోర్డు వైపు తిరిగింది. పొద్దున రాసిన పద్యం ఇంకా చెరపలేదు. కన్నకొడుక్కి అబ్బని తన రాత, తలకట్టుతో సహా, ఆ పిల్ల చేతిలోని పేపర్లో ఉంది.