బొట్టు కింద అంకె

నేను ఒక పాస్‌పోర్టు నకలుని. కాగితం మీద కాదు, ఫోనులో ఉంటాను. అసలు పుస్తకాన్ని ఏ ప్రెస్సులోనో అచ్చువేశారు. నేను మాత్రం ఇచ్ఛాపురం దగ్గర ఒక పల్లెలో, దేవుడి మూల పీట మీద పుట్టాను.

నా యజమాని కోరాడ బైరాగి తప్పెటగుళ్ల కళాకారుడు. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ గంతులేస్తూ పాడతాడు. పోలండులో జానపద ఉత్సవానికి అతని జట్టును పిలిచారు. పాస్‌పోర్టును ఫొటో తీసి ఫోనులో దాచుకోమనీ, ఒకటి ఇంటికి కూడా పంపమనీ తీసుకెళ్లేవాళ్లు చెప్పారు.

అతను ఫొటో తీసేలోపే భార్య సూరీడమ్మ పాస్‌పోర్టుకు పూజ మొదలుపెట్టింది. కొత్తగా ఇంటికొచ్చిన గ్రైండరునే వదలని మనుషులు దీన్ని వదులుతారా? కుంకుమ తీసుకుని లోపలి పేజీలో భర్త ఫొటో నుదుటిన పెట్టబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"బతికున్నోడి బొమ్మకి బొట్టెడతావేటే?"

సూరీడమ్మ నాలుక కరుచుకుని ఆ బొట్టును పేజీ పైమూలన పెట్టేసింది. అక్కడ నెంబరులో చివరి అంకె ఉంది. పుస్తకం మూసుకుపోకుండా కింది మూలను బొటనవేలితో నొక్కిపట్టుకుంది. సరిగ్గా అప్పుడే బైరాగి ఫొటో తీశాడు. తర్వాత పుస్తకం మీది కుంకుమ తుడిచేశారు గానీ నన్ను మళ్లీ తియ్యాలని ఎవరికీ తోచలేదు.

ఉత్సవం బాగా జరిగింది. తిరుగు ప్రయాణానికి ముందురోజు బైరాగి రైల్లో సంచి మరిచిపోయి దిగాడు. పాస్‌పోర్టు అందులోనే ఉంది. మర్నాడు సాయంత్రం విమానం. ఈలోగా కాగితాలు దొరక్కపోతే జట్టంతా వెళ్లిపోతుంది, భాష రాని ఊళ్లో అతనొక్కడే మిగిలిపోతాడు. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. నన్ను తెరవడం, మూయడం, అదే పని.

పొద్దున్నే వెళ్తే మన ఎంబసీలో పట్నాయక్ అనే అధికారి ఉన్నాడు. బరంపురం మనిషి, తెలుగు వచ్చు. నన్ను రెండువేళ్లతో సాగదీసి చూశాడు.

"చివరి అంకె మీద కుంకుమ ఉంది. అదే నెంబరు కింద ఇంకోసారి ఉంటుంది. అక్కడ వేలుంది. ఎవరిదిది?"

"మా ఆడదానిదండి," అన్నాడు బైరాగి తల దించుకుని.

ఇంటి ఫోనులో ఉన్నదీ నేనే కాబట్టి అడిగి లాభం లేదు. వీసా పనులు చూసిన ఆఫీసుకి ఆ రోజు పండగ సెలవు. కంప్యూటర్లో పేరుతో వెతికితే బైరాగులు కుప్పలుగా వచ్చారు. పట్నాయక్ నిట్టూర్చి, చివరి అంకె దగ్గర సున్నా పెట్టి చూశాడు. ఎవరో పెళ్లికూతురు వచ్చింది. ఒకటికి మీసాల పెద్దాయన, రెండుకి పసిబిడ్డ. ఒక్కో ముఖం వచ్చినప్పుడల్లా బైరాగి కాదన్నట్టు తల ఊపాడు. తానెవరో చెప్పుకోవడానికి మనిషి ఇంతమంది కానివాళ్లను దాటాలని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడు పెట్టేసరికి బైరాగే వచ్చాడు. తన ముఖం చూసి తనే ఏడ్చేశాడు.

ఇంటికి వెళ్లేదాకా పనికొచ్చే కాగితం ఇచ్చారు. పాత నెంబరు రద్దయింది. అక్కడితో నా ఉద్యోగమూ అయిపోయింది.

బయటికొచ్చి ఇంటికి ఫోను చేశాడు. సూరీడమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని అంది:

"సూసేవా మావా, నాను బొట్టెట్టి పంపబట్టే గట్టెక్కినావు."

బైరాగి చేతిలోని కొత్త కాగితం వైపు చూశాడు.

"అవునే. ఆ బొట్టే నేకపోతే నానీపాటికి ఏటైపోదునో," అన్నాడు.

ఊరు చేరిన రోజే, ఆవిడ వంటింట్లో ఉండగా, ఆవిడ ఫోను తీసి అందులోంచి నన్ను చెరిపేశాడు. తన ఫోనులో మాత్రం, ఆ బొట్టుతో, ఆ వేలితో సహా ఉంచుకున్నాడు.