ఒక్కసారి ఆగిన కారు

భీమేశ్వరరావు దగ్గర ఎవరికైనా తప్పు ఒక్కటే. రెండోది చేసే వీలుండదు. గడ్డానికి గాటు పెట్టిన సెలూనుకి ఆయన పదహారేళ్ళుగా వెళ్ళలేదు. పప్పులో రాయి తగిలిన హోటలు ముందు నుంచి నడిస్తే తల అటు తిప్పడు. నాలుగేళ్ళ కిందట భార్య సీతామహాలక్ష్మి అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని చెప్పి మళ్ళీ లేవలేదు. ఆమెనీ ఆయన క్షమించలేదు.

అలాంటి మనిషిని సోమవారం పొద్దున్న ఆరున్నరకి, పులిగడ్డ వంతెన నడిమధ్యలో, ఆయన కారు ఆపేసింది.

చిన్న కారు. తెల్ల రంగని సీ బుక్కులో ఉంది గానీ చూసినవాళ్ళు ఒప్పుకోరు. పదమూడేళ్ళుగా నాగాయలంక నుంచి బందరుకి పీతలు మోస్తోంది. మడ అడవి కాలవల్లో జాలర్లు పట్టుకొచ్చిన పెద్ద పీతల్ని భీమేశ్వరరావు కొంటాడు. డెక్కలు కట్టెయ్యకపోతే అవి ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. అందుకని ఒక్కోదానికి ఆకుపచ్చ పురికొసతో తనే ముడి వేస్తాడు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు. బుట్టల్లో సర్ది, తడి గోనెలు కప్పి, వెనక సీటు మీద పెట్టి, చెన్నై వ్యాను కదిలేలోగా బందరు చేరుస్తాడు. ముప్పై ఏళ్ళలో తన ముడి విప్పుకున్న పీత లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు.

వంతెన మీద కారు ఉలకలేదు, పలకలేదు. వెనక లారీలు హారన్లు మోగించాయి. పక్క నుంచి దూరిన బస్సు డ్రైవరు తల బయట పెట్టాడు.

"బాబాయ్, కృష్ణలో తోసెయ్ దాన్ని! కావాలంటే నేనూ ఓ చెయ్యేస్తా!"

భీమేశ్వరరావు కోపం పట్టలేక దిగి, తలుపు దడాలున వేశాడు. మళ్ళీ ఎక్కి తాళం తిప్పితే ఇంజను పలికింది. వ్యాను అందింది. అయినా ఆగడం ఆగడమే.

ఆ సాయంత్రం కూతురు నాగదుర్గకి ఫోను చేశాడు. ఆమె గుడ్లవల్లేరు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది.

"కారు మార్చేస్తున్నా."

"ఎవరండీ మాట్లాడేది? రాంగ్ నంబరా?"

"వేళాకోళం చాలు. వంతెన మీద ఆగింది."

"ఒక్కసారి ఆగిందనా? నాలుగేళ్ళ నుంచి నేను కాళ్ళావేళ్ళా పడుతుంటే వినలేదు కదా నాన్నా! ఆ కారెక్కి కాలేజీ దగ్గర దిగితే పీతల వాసనకి మా స్టాఫ్ రూములో పిల్లి కూడా నా వెనకే వస్తోంది."

"గురువారం బందరు షోరూముకి రా. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దాం."

"ఈసారి ఏసీ పనిచేసేది తీసుకుందాం నాన్నా. ఎర్రది!"

ఎర్రదో పచ్చదో ఆయనకి పట్టలేదు. ఫోను పెట్టేసి వాకిట్లో నిలబడిన కారుని చూశాడు. అది ఏమీ ఎరగనట్టు నిలబడింది.

మంగళ, బుధవారాలు పీతల బుట్టల్ని ఆటోలో పంపాడు. మాట తప్పిన బండిని నమ్మకూడదు. కానీ బుధవారం సాయంత్రం రెండు గంటలు కూర్చుని దాన్ని కడిగాడు. అమ్మేసే కారుని అంతసేపు ఎందుకు కడగాలని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. చివర్లో చేతి అలవాటు కొద్దీ, లోపల నేల మీద పరిచిన గోనెల మీద చెంబుడు నీళ్ళు చల్లాడు. పీతలు లేని కారులో గోనెలు తడపడం దేనికో ఆయనకీ తోచలేదు.

గురువారం కారు ఎక్కడా ఆగకుండా బందరు చేరింది. అది ఆయనకి ఇంకా కోపం తెప్పించింది.

షోరూములో నేల అద్దంలా ఉంది. నాగదుర్గ అప్పటికే ఓ ఎర్ర కారులో కూర్చుని స్టీరింగు తిప్పుతోంది. పాత బండ్లకి వెల కట్టే కుర్రాడు ఫణీంద్ర మెడకి టై, చేతిలో ట్యాబుతో ఎదురొచ్చాడు. భీమేశ్వరరావు కారుని లోపలికే, కొత్త బండ్ల పక్కకే తెప్పించాడు.

"నమస్తే అండీ. ఇదేనాండీ మన బండి?" అంటూ తలుపు తీసి, ముక్కు మూసుకున్నాడు. "లోపల ఏదో..."

"పీతలు."

"చచ్చాయాండీ?"

"బతికున్నవే మోస్తాను. చచ్చినవి ఎవడు కొంటాడు?"

ఫణీంద్ర చుట్టూ తిరిగాడు. "బంపరు మీద గీత ఉందండీ."

"అది గేదె చేసిన పని. కారుది తప్పు లేదు."

"తలుపు కింద తుప్పండీ."

"మాది ఉప్పుగాలి. నా వాచీకీ ఉంది తుప్పు. టైము తప్పుతోందా?"

"గేరు బిగుతుగా పడుతోందండీ," అన్నాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి.

"నీ చేతికి. నా చేతికి వెన్నలో వేలు పెట్టినట్టు పడుతుంది."

నాగదుర్గ ఎర్ర కారులోంచి తల బయట పెట్టింది. "నాన్నా, నువ్వు అమ్మడానికొచ్చావా, కొనడానికొచ్చావా?"

ఫణీంద్ర ముందు సీట్లో కూర్చుని, ఎండ తగలకుండా దించే రేకు కిందికి లాగాడు. దాని అద్దం అంచున నాలుగు బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. ఎండకి ఎరుపు పోయి ఇటుకపొడి రంగుకి తిరిగాయి. "ఇవేంటండీ," అంటూ గోటితో గీకబోయాడు.

"చెయ్యి తియ్యి బాబూ."

గట్టిగా అనలేదు. అయినా ఫణీంద్ర చెయ్యి తీసేశాడు. నాగదుర్గ స్టీరింగు తిప్పడం ఆపింది.

"వాటికి వెల కట్టక్కర్లేదు," అన్నాడు భీమేశ్వరరావు.

కాయితాలు వచ్చాయి. ఫణీంద్ర చెప్పిన ధర అన్యాయంగా లేదు. "ఇదే సరైన టైమండీ బాబాయ్ గారూ. ఇంకో రెండేళ్ళకి పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు ఇచ్చినా తీసుకునేవాళ్ళుండరు. ఇక్కడ సంతకం చెయ్యండి."

భీమేశ్వరరావు కలం పట్టుకున్నాడు. కళ్ళజోడు తుడిచాడు. చదివిందే చదివాడు. చేసేస్తే సీతామహాలక్ష్మి పక్కన కూర్చుని బందరు దాకా తగువు పెట్టుకున్న సీటు ఎవడి పాలో అవుతుంది. చెయ్యకపోతే తన మాట ఏం కావాలి? ఇవాళ కారుని మన్నిస్తే సెలూనువాడు ఏం పాపం చేశాడు? పప్పులో రాయి పడ్డ హోటలువాడు ఏం చేశాడు? కలం కాయితం మీద ఆనింది.

"ఒక్క నిమిషం అండీ," అని ఫణీంద్ర వెనక తలుపు తీశాడు. "సీటు ఎత్తి కింద తుప్పు చూడ్డం మర్చిపోయాను."

మరుక్షణం షోరూము అదిరేలా కేక పెట్టి, టై పట్టుకుని వెనక్కి గెంతాడు.

సీటు కింద నుంచి అరచేతికి రెండింతలున్న పీత దిగింది. ఒక డెక్కకి కట్టు ఉంది. రెండోది చాచి, అందరినీ రమ్మంటోంది. అద్దం లాంటి నేల మీద కాళ్ళు జారుతుంటే అడ్డంగా పరుగెత్తి ఎర్ర కారు కిందికి దూరింది. కౌంటరు దగ్గరి అమ్మాయిలు కుర్చీలెక్కారు. కారు కొనడానికి వచ్చిన ఓ పెద్దమనిషి స్వీటు డబ్బాతో సహా సోఫా ఎక్కాడు. నాగదుర్గ ఎర్ర కారులో కాళ్ళు పైకి లాక్కుని, "నాన్నా! నా కిందికొచ్చింది!" అని అరిచి నవ్వడం మొదలెట్టింది.

భీమేశ్వరరావు కలం పడేసి చెప్పులు విడిచాడు. పంచె ఎగగట్టాడు. అరవై మూడేళ్ళ మనిషి షోరూము నేల మీద బోర్లా పడుకుని కారు కింద చెయ్యి పెట్టాడు. "ఎక్కడికే పోతావ్? రా. రావే," అని బుజ్జగించాడు. అటు పక్క నుంచి పీత బయటపడింది. ఆయన లేచి రెండంగల్లో వెళ్ళి, పాదంతో వీపు మీద నొక్కి, వెనక నుంచి రెండు వేళ్ళతో పట్టి పైకెత్తాడు. అది గాలిలో డెక్క ఆడించింది. కుర్చీల మీద నుంచి చప్పట్లు మోగాయి.

వర్క్‌షాపు నుంచి మెకానిక్కు అల్లాబక్షు పరుగున వచ్చి, సీటు కింద టార్చి వేసి చూశాడు.

"పెట్రోలు పంపు వైరండీ. సగం నరికేసింది. కుదుపు తగిలితే విడిపోతుంది, మళ్ళీ కుదుపు తగిలితే కలుస్తుంది. బండి ఎక్కడన్నా ఆగిందాండీ?"

"పులిగడ్డ వంతెన మీద," అన్నాడు భీమేశ్వరరావు. వంతెన మీద తను తలుపు దడాలున వేసిన సంగతి గుర్తొచ్చింది.

అల్లాబక్షు సీటు కింద నుంచి జానెడు ఆకుపచ్చ పురికొస తీసి చూపించాడు. తెగలేదు. ముడి జారింది, అంతే.

నాగదుర్గ దిగి వచ్చి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇదెవరు కట్టిందబ్బా?"

ఆయన పీత వీపు మీది దుమ్ము తుడిచాడు.

"సోమవారం నుంచి గురువారం దాకా ఎలా బతికింది నాన్నా ఇది?"

"గోనెలు తడిపాను," అన్నాడు నెమ్మదిగా. "నిన్న. అలవాటు."

నాగదుర్గ ఫణీంద్ర వైపు తిరిగింది. "ఏవండీ, తప్పు కారుది కాదు, మా నాన్నది. ఎక్స్‌ఛేంజ్‌లో నాన్నల్ని తీసుకుంటారా?"

కౌంటరు చాటు నుంచి తొంగిచూస్తున్న ఫణీంద్ర టై సర్దుకున్నాడు. "పదిహేనేళ్ళు దాటాయి కదండీ. కుదరదు."

ముందు భీమేశ్వరరావు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఆయన కారు బానెట్టుకి ఆనుకుని, చేతిలో పీత ఊగిపోతుంటే, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. సోఫా మీది పెద్దమనిషి కిందికి దిగి, కారణం తెలీకపోయినా అందరికీ స్వీట్లు పంచాడు.

అల్లాబక్షు పది నిమిషాల్లో వైరు అతికించాడు. కొత్త పురికొస దొరికింది. భీమేశ్వరరావు పీతకి మూడు ముళ్ళు వేశాడు. సంతకం లేని కాయితాన్ని నాగదుర్గే మడిచి ఫణీంద్ర చేతికిచ్చింది.

"మరి మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

"దానంతట అది తప్పు చేసినప్పుడు," అన్నాడు భీమేశ్వరరావు.

కూతుర్ని గుడ్లవల్లేరులో దింపడానికి బయలుదేరాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని అద్దాలు పూర్తిగా దించింది. పీత బకెట్లో ఆమె కాళ్ళ దగ్గర ఉంది. పెడన దాటాక కాలవ గట్టు ఎక్కారు. రెండు పక్కలా కొత్తగా వరి ఊడ్చిన పొలాలు.

"పాపం నాన్నా, ఎన్నాళ్ళు పస్తులుందో. కాలవలో వదిలేద్దామా?"

"పులుసు పెట్టించు."

"ఒక్క పీత ఎంతమందికి వస్తుంది?"

"నాకొస్తే చాలు. సురేష్‌కి ఫోను చేసి చింతపండు నానబెట్టమను."

నాగదుర్గ నవ్వు ఆపుకోలేక మొగుడి నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. స్పీడ్ బ్రేకరు మీద కారు ఎగిరిపడింది. ఇంజను ఆగలేదు. ముందు బండి లేదు, అడ్డంగా మనిషి లేడు. అయినా భీమేశ్వరరావు గుడ్లవల్లేరు వచ్చేదాకా హారను మోగిస్తూనే ఉన్నాడు.